ఒక యంత్రమున కూర్పు, వేరొక యంత్రమున నడక: టూల్‌చైను అమరికల చరిత్ర

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్ర అనగానే వలసలు, శాసనములు, దేవాలయములు, ఇంటిపేర్లు మన మనస్సునకు తోచుట సహజము. కాని వారు చేపట్టిన వృత్తులకును, ఆ వృత్తులలోని యంత్రములకును గూడ చరిత్ర కలదు. తాతలు మగ్గము ముందు కూర్చుండిన కుటుంబములలో మనుమలు నేడు బెంగుళూరు, చెన్నపట్టణము, పుణె నగరములందు గణనయంత్రముల ముందు కూర్చుండుట మన మెరిగినదే. ఆ నూతన వృత్తిలోని ఒక శాఖను గూర్చి ఈ సంపుటమున ముచ్చటించుట అనుచితము కాదని తలచుచున్నాను.

నేడు మన యిండ్లలోని విద్యుత్తు మీటరు, బట్టలుతుకు యంత్రము, ఇంటర్నెట్టును పంచిపెట్టు రౌటరు మొదలగు వాని గర్భమున చిన్న గణనయంత్ర మొకటి యిమిడి యుండును. దానిని నడపు ఆజ్ఞావళికి ఫర్మ్‌వేరు అని పేరు. ఈ చిన్న యంత్రములలో పెక్కింటికి తమ ఫర్మ్‌వేరును తామే కూర్చుకొను శక్తి లేదు. కావున దానిని పెద్ద గణనయంత్రముపై కూర్చి చిన్నదానిలో నింపుదురు. ఈ పద్ధతినే క్రాస్ కంపైలేషను అందురు. అందులకు వలయు పనిముట్ల వరుసకు టూల్‌చైను అని వ్యవహారము. ఎట్టి యంత్రమునకు, ఏ మర్యాదలతో కూర్చవలెనో ఆ పనిముట్లకు తెలుపు నిర్దేశములే అమరికలు. ఈ అమరికల చరిత్రను ఒక్క మాటలో చెప్పవలెనన్న, మనుష్యులు తమకు తెలియకయే అనుకొనుచు వచ్చిన సంగతులను ఒక్కొక్కటిగా వ్రాసియుంచుట నేర్చుకొన్న చరిత్ర అనవచ్చును. దానిని ఉదాహరణములతో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

అట్టలు కొట్టు యంత్రము, బట్ట నేయు యంత్రము

ఫ్రాన్సు దేశమున లియోను నగరమునకు చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804వ సంవత్సర ప్రాంతమున రూపొందించిన సాధనము, అతని పేరుతోనే, మన నేతగాండ్ర మగ్గములకును చేరెను. నిజాము రాజ్యపు తెలంగాణ ప్రాంతమునుండి షోలాపురమునకు వలసపోయిన పద్మశాలీలు ఆ నగరపు వస్త్రపరిశ్రమకు వెన్నెముకయై నిలిచిరి. షోలాపురపు దుప్పట్లకు పేరుతెచ్చిన పువ్వులును అంచులును జకార్డు మగ్గముల ఫలితమే.

ఆ సాధనము పనిచేయు విధ మిది. అట్టపై రంధ్రమున్నచోట సూది లోనికి చొచ్చును. దానికి చెందిన కొక్కెము పైకి లేచును. ఆ కొక్కెమునకు కట్టిన పడుగు పోగును దానితో లేచును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని నెట్టును, కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. పేక పోగు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అట్ట. అట్టలన్నింటిని వరుసగా కుట్టి గొలుసువలె మగ్గముపై వ్రేలాడదీయుదురు.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, అట్టలకు రంధ్రములు కొట్టునది మగ్గము కాదు, వేరొక యంత్రము. కొట్టువాడు గళ్ళకాగితముపై గీసిన బొమ్మను చూచుచు ఒక్కొక్క వరుసను ఒక్కొక్క అట్టగా మార్చును. అతడు తన యెదుట లేని మగ్గమును మనస్సునం దుంచుకొని పనిచేయవలెను. ఆ మగ్గమునకు కొక్కెములు నాలుగువందలా, ఆరువందలా? రంధ్రముల నడుమ ఎడమెంత? లెక్క ఏ వైపునుండి ఆరంభము? ఈ సంగతులు తప్పినచో బొమ్మ యెంత చక్కనిదైనను బట్టపై చెడును. తప్పు బొమ్మలో లేదు, నేతలో లేదు. రెంటి నడుమ నున్న ఒప్పందములో నున్నది. క్రాస్ కంపైలేషనులోని చిక్కు సరిగా ఇదియే.

తొలినాళ్ళు

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు 1969లో కెన్ థాంప్సను యునిక్స్ వ్యవస్థకు అంకురార్పణ చేసినపుడు ఆయనకు దొరికిన పి.డి.పి.-7 యంత్రముపై తన ఆజ్ఞావళిని కూర్చుకొను వసతి మొదట లేకపోయెను. ఆయన జి.ఇ.-635 అను పెద్ద యంత్రముపై దానిని కూర్చి, కాగితపు టేపుపై రంధ్రములుగా కొట్టించి, ఆ టేపును పి.డి.పి.-7 యొద్దకు మోసికొని పోవుచుండెను. కొంతకాలమునకు ఆ చిన్న యంత్రమునకే అసెంబ్లరు సిద్ధము కాగా అది తన కాళ్ళపై తాను నిలిచెను.

ఇంటెల్ సంస్థ 1972లో 8008 అను చిప్పును విడుదల చేసెను. అది తన ఆజ్ఞలను తాను కూర్చుకొనుటకు చాలనిది. గారీ కిల్డాల్ ఆ సంస్థ కొరకు పి.ఎల్./ఎం. అను భాషను రూపొందించెను. దాని కంపైలరు ఫోర్ట్రాను భాషలో వ్రాయబడి, పెద్ద యంత్రములపై నడచుచు, చిన్న చిప్పునకు వలయు ఆజ్ఞలను వెలువరించుచుండెను. 1975లో పాల్ ఆలెనును బిల్ గేట్సును ఆల్టేరు యంత్రమునకై బేసిక్ భాషను హార్వర్డు విశ్వవిద్యాలయపు పి.డి.పి.-10 పై సిద్ధపరచిరి. వారి యొద్ద ఆల్టేరు లేదు. 8080 చిప్పు లక్షణములను పుస్తకమునుండి గ్రహించి, దానిని అనుకరించు కార్యక్రమమును ఆలెను పెద్ద యంత్రముపై వ్రాసెను. టేపును తీసికొని ఆల్బుకర్కు నగరమునకు విమానమున పోవునపుడు, ఆ టేపును ఆల్టేరులోనికి ఎక్కించు చిన్న ఆజ్ఞావళి వ్రాయనేలేదని ఆయనకు స్ఫురించెను. దానిని విమానములోనే వ్రాసి ముగించెను. ఇల్లంతయు కట్టి గడప మరచినట్లు, లక్ష్యయంత్రమున తొలి యడుగునకు వలయు మెట్టును మరచుట ఈ విద్యలో అప్పటినుండియు కలదు.

యునిక్స్ వ్యవస్థ పి.డి.పి.-11 యంత్రమునుండి ఇతర యంత్రములకు తరలుచున్న 1970వ దశకపు చివర మరియొక సంగతి బయలుపడెను. రెండు బైట్లు గల సంఖ్యను దాచునపుడు కొన్ని యంత్రములు చిన్న భాగమును ముందుంచును, కొన్ని పెద్ద భాగమును ముందుంచును. ఒక యంత్రము దాచిన దానిని వేరొకటి చదివినపుడు యు, ఎన్, ఐ, ఎక్స్ అను అక్షరములు ఎన్, యు, ఎక్స్, ఐ అని తారుమారగును. ఈ చిక్కునకు న్యుక్సి సమస్య అనియే పేరు వచ్చెను. 1980లో డానీ కోహెన్ గలివరు యాత్రలలోని గ్రుడ్డు తగవును స్మరించి, ఈ రెండు పద్ధతులకు చిన్న కొనవారు, పెద్ద కొనవారు అను అర్థమున లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ అని పేర్లు పెట్టెను. ఒకే యంత్రముపై పని చేసినంతకాలము ఎవరికిని తోచని సంగతి, రెండవ యంత్రము రాగానే పేరు పెట్టి వ్రాయవలసిన అమరిక అయ్యెను.

మూడు ఊళ్ళు, మూడు పేర్లు

1983లో రిచర్డు స్టాల్మన్ గ్ను ప్రణాళికను ప్రకటించెను. 1987లో ఆ ప్రణాళికకు చెందిన జి.సి.సి. కంపైలరు తొలిసారి వెలువడెను. దాని మూలము అందరకు లభించుటచే, క్రొత్త చిప్పు వచ్చినపుడెల్ల క్రొత్త కంపైలరును మొదటినుండి వ్రాయు నవసరము తగ్గెను. 1989లో మైకేల్ టీమన్, జాన్ గిల్మోర్, డేవిడ్ హెంకెల్-వాలెస్ స్థాపించిన సిగ్నస్ సంస్థ ఈ పనిముట్లను పలు చిప్పులకు అనువుపరచి యిచ్చుటనే జీవనోపాధిగా చేసికొనెను.

గ్ను పనిముట్ల లోకమున మూడు పేర్లు స్థిరపడెను: బిల్డ్, హోస్ట్, టార్గెట్. వీనిని మన యూళ్ళ పోలికతో చెప్పుకొందము. కమ్మరి యొక ఊరిలో ఉలిని చేయును. వడ్రంగి రెండవ ఊరిలో ఆ ఉలితో తలుపు చెక్కును. ఆ తలుపు మూడవ ఊరి యింటికి బిగియును. కంపైలరు ఉలి వంటిది. దానిని తయారుచేయు యంత్రము బిల్డ్, అది నడచు యంత్రము హోస్ట్, అది వెలువరించిన ఆజ్ఞలు నడచు యంత్రము టార్గెట్. సామాన్య కార్యక్రమములకు మొదటి రెండు పేర్లే చాలును. ఇచ్చటనే క్రొత్తవారు పొరపడుదురు: హోస్ట్ అనగా తమ యెదుటనున్న యంత్రమని తలతురు. నిజమునకు అది కార్యక్రమము నడువబోవు యంత్రము. ఆ ఒక్క పేరు తప్పుగా నిచ్చినచో, రౌటరు కొరకు ఉద్దేశించిన కార్యక్రమము బల్లమీది యంత్రమునకు చక్కగా అమరి, రౌటరులో కదలకుండును.

ప్రతి యంత్రమునకు ఒక సంయుక్తనామము నిచ్చుట ఆచారమయ్యెను. మిప్సెల్-లినక్స్-గ్ను అన్నపుడు మిప్స్ జాతి చిప్పు, చిన్న కొన ముందు, లినక్స్ వ్యవస్థ, గ్ను లైబ్రరీ అను నాలుగు సంగతులు ఆ పేరులోనే ఇమిడియున్నవి. ఇంటిపేరు, గోత్రము, ఊరు కలిపి చెప్పుకొను మన పద్ధతికి ఇది దూరమైనది కాదు.

పేర్లు స్థిరపడినను టూల్‌చైనును నిర్మించుట సులభము కాలేదు. సంపూర్ణమైన కంపైలరు కావలెనన్న సి లైబ్రరీ ఉండవలెను. లైబ్రరీని కూర్పవలెనన్న కంపైలరు ఉండవలెను. పెండ్లి అయినగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అన్న సామెత వలె నున్న ఈ ముడిని మెట్లుమెట్లుగా విప్పుదురు. మొదట అసెంబ్లరు, లింకరు; పిదప లైబ్రరీ లేని అరకొర కంపైలరు; దానితో, లినక్స్ హెడరు ఫైళ్ళ సాయమున, లైబ్రరీ; చివరకు పూర్తి కంపైలరు. వీనిలో ఏ రెండింటికి పొత్తు కుదురునో, ఏ కూర్పునకు ఏ దిద్దుబాటు కావలెనో అనుభవజ్ఞులకు మాత్రమే తెలియు రహస్యముగా నుండెను. డాన్ కెగెల్ వెలువరించిన క్రాస్‌టూల్, ఆ పిమ్మట యాన్ మోరిన్ ఆరంభించిన క్రాస్‌టూల్-ఎన్‌జి ఆ నోటిమాట విద్యను వ్రాతలో పెట్టెను.

మరియొక ప్రమాదమును ఇచ్చటనే చెప్పవలెను. కూర్చు యంత్రమునకును తన హెడరు ఫైళ్ళు, తన లైబ్రరీలు కలవు. వెదకు దారి సరిగా నిర్దేశింపనిచో కంపైలరు లక్ష్యయంత్రపు ఫైళ్ళకు మారుగా వానినే గైకొనును. లింకరు పట్టుకొన్నచో అదృష్టము. పట్టుకొననిచో నిర్మాణలోపము లోపలనే దాగియుండును. అందుచేత లక్ష్యయంత్రపు ఫైళ్ళ నన్నింటిని ఒక్కచోట చేర్చి, ఇదియే నీ యిల్లు, దీనిని దాటి పోవలదు అని కంపైలరునకు ఆజ్ఞాపించు సిస్‌రూట్ అను అమరిక ఏర్పడినది.

ఒక రౌటరు కథ

2002 డిసెంబరులో లింక్సిస్ సంస్థ డబ్ల్యు.ఆర్.టి.54జి అను రౌటరును విపణిలో ప్రవేశపెట్టెను. దానిలో మిప్స్ జాతి చిప్పు, పదునారు మెగాబైట్ల జ్ఞాపకశక్తి, నాలుగు మెగాబైట్ల ఫ్లాష్ నిలువ మాత్రమే యుండెను. దాని ఫర్మ్‌వేరు లినక్స్‌పై ఆధారపడినదని 2003లో బయటివారు గుర్తించిరి. లినక్స్‌కు వర్తించు జి.పి.ఎల్. అను అనుమతిపత్రము 1991 నాటి రెండవ రూపమున, కార్యక్రమమును పంచువారు మూలమును గూడ ఈయవలెనని శాసించుచున్నది. అంతియే కాదు, మూలమనగా వ్రాసిన పాఠము మాత్రమే కాదనియు, దానిని కూర్చుటను, స్థాపించుటను నియంత్రించు లిపులు గూడ మూలములోని భాగమే యనియు ఆ పత్రము నిర్వచించినది. అమరికలు లేని మూలము మూలము కాదని చట్టభాషయే అంగీకరించెనన్న మాట.

ఆ సంవత్సరమే మూలము విడుదల యయ్యెను. 2004 జనవరిలో దాని యాధారమున ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ప్రణాళిక ఆరంభమయ్యెను. అంత చిన్న నిలువలో గ్ను సి లైబ్రరీ ఇముడుట కష్టము గనుక యు.సి.లిబ్‌సి అను చిన్న లైబ్రరీని గ్రహించిరి. ఆ లైబ్రరీ వర్గమువారే 2001 నుండి పెంచుచున్న బిల్డ్‌రూట్ అను సాధనము ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నిర్మాణపద్ధతికి తొలి పునాది. ఎంపికల నన్నింటిని ప్రశ్నోత్తరములుగా అడిగి ఒక్క ఫైలులో వ్రాసియుంచుట బిల్డ్‌రూట్ పద్ధతి. ఆ ఫైలు చేతనున్న వాడు అదే ఫర్మ్‌వేరును మరల కూర్చగలడు.

తరువాతి కాలమున ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మస్ల్ అను మరియొక లైబ్రరీకి మారెను. అప్పుడు పాత లైబ్రరీతో కూర్చిన కార్యక్రమములు క్రొత్త వ్యవస్థపై నడువవయ్యెను. ఫైలు కంటికి కనబడుచున్నను, ఫైలు లేదు అని యంత్రము పలుకును. లేనిది కార్యక్రమము కాదు. దానిని జ్ఞాపకమున కెక్కించు లోడరు. దాని చిరునామా కార్యక్రమములోనే చెక్కబడి యుండును, ఆ చిరునామాలో క్రొత్త యింట ఎవరును లేరు. ఈ సందేశమును అక్షరార్థమున గ్రహించి ఫైలును వెదకుచు కాలము వ్యర్థము చేసినవారు ఎందరో కలరు.

భిన్నాంకముల బాట

లైబ్రరీ సరిపోయినను మర్యాద సరిపోవలెను. ఆర్మ్ జాతి చిప్పులందు దశాంశ భిన్నముల లెక్కకు ప్రత్యేకాంగము కొన్నింటికి కలదు, కొన్నింటికి లేదు. ఒక ఉపకార్యక్రమము మరియొకదానికి భిన్నసంఖ్యను అందించునపుడు సామాన్యమైన అరలలో నుంచి యీయవలెనా, ప్రత్యేకాంగపు అరలలో నుంచవలెనా అనునది ఒప్పందము. ఇచ్చువాడు ఒక అరలో నుంచి, పుచ్చుకొనువాడు వేరొక అరలో వెదకినచో లెక్క తారుమారగును. డెబియన్ వర్గమువారు మొదటి పద్ధతికి ఆర్మెల్ అనియు, రెండవదానికి ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అనియు పేర్లిచ్చి, 2013 మే నాటి ఏడవ కూర్పున రెంటిని అందించిరి.

అంతకు పూర్వమే, 2012లో, రాస్ప్‌బెర్రీ పై అను అల్పవ్యయ యంత్రము వెలువడెను. దాని చిప్పులో ప్రత్యేకాంగము కలదు. కాని ఆ చిప్పు ఆర్మ్ ఆరవ తరమునకు చెందినది. డెబియన్ వారి ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ఏడవ తరపు ఆజ్ఞలను కోరును. ఆర్మెల్ నడచును గాని ప్రత్యేకాంగపు లాభము పూర్తిగా దక్కదు. ఇట్లు రెంటికి చెడిన రేవడి కాకుండుటకై మైక్ థాంప్సను, పీటర్ గ్రీను అనువారు వేలకొలది ప్యాకేజీలను ఆరవ తరపు అమరికతో మరల కూర్చి రాస్ప్‌బియన్ అను పేర వెలువరించిరి. మూలపాఠము చాలవరకు మారలేదు. మారినది ముఖ్యముగా అమరిక. కాని అది లేనిచో బడిపిల్లలకై చౌకగా నిర్మించిన ఆ యంత్రము తన శక్తినంతయు వినియోగింపలేకయుండెడిది.

చెన్నపట్టణపు చిప్పులు

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరున పరిశోధనశాలను నెలకొల్పినది మొదలు ఈ విద్య దక్షిణదేశమున వ్రేళ్ళూనుచు వచ్చినది. అయినను చిప్పులు పరదేశములవే, మనవారు వానికి ఆజ్ఞలు కూర్చువారు అను స్థితి చిరకాల ముండెను. 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆరంభమైన రిస్క్-ఫైవ్ అను ఆజ్ఞాసంపుటి ఎవరైనను ఉచితముగా వాడుకొన దగినది. దాని యాధారమున చెన్నపట్టణపు ఐ.ఐ.టి.లో ఆచార్య కామకోటి నాయకత్వమున శక్తి అను చిప్పుల పరంపర రూపొందినది. 2018లో వానిలో ఒకటి ఇంటెల్ కర్మాగారమునను, మరియొకటి చండీగఢ్ సమీపమున నున్న సెమీకండక్టరు ప్రయోగశాలయందును తయారయ్యెను.

రిస్క్-ఫైవ్ చిప్పునకు ఏయే ఆజ్ఞలు కలవో అక్షరముల వరుసతో తెలుపుదురు: ఐ అనగా మూలాజ్ఞలు, ఎం అనగా గుణకార భాగహారములు, సి అనగా కుదించిన ఆజ్ఞలు. 2019 నాటి నిర్ణయమున, చిప్పు అంతరంగ స్థితిని చదువు కొన్ని ఆజ్ఞలను ఐ నుండి విడదీసి వానికి వేరు పేరు పెట్టిరి. 2022లో వెలువడిన గ్ను పనిముట్లు ఈ విభజనను స్వాభావికముగా పాటింప మొదలిడినవి. దానితో అంతవరకు చక్కగా కూర్పు జరిగిన ఫర్మ్‌వేరు, ఒక్క యక్షరమైనను మారకయే, ఈ ఆజ్ఞ నాకు తెలియదు అను మాటతో ఆగిపోయెను. మందు సులభము: జిక్సర్ అను ఆ క్రొత్త పేరును అమరికకు చేర్చుట. కాని ఏ కూర్పు పనిముట్లతో తొలుత నిర్మించినదో వ్రాసియుంచని వారికి రోగకారణమే తెలియదు.

వ్రాసియుంచవలసినవి

2013 ప్రాంతమునుండి డెబియన్ వర్గమువారు, ఒకే మూలమును ఒకే అమరికలతో ఎవరు కూర్చినను ఒక్క బైటు భేదము లేని ఫలితము రావలెనను ఉద్యమమును నడపుచున్నారు. కూర్చిన గడియ, కూర్చిన ఫోల్డరు పేరు సైతము ఫలితములోనికి తెలియక చొరబడునని దానివలన బయలుపడినది. 2038 జనవరి 19వ తేదీన ముప్పదిరెండు బిట్ల కాలగణన పొంగిపొరలునను చిక్కు సైతము ఈ కోవలోనిదే. 2025 ఆగష్టులో వెలువడిన డెబియన్ పదమూడవ కూర్పు ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌కు అరువదినాలుగు బిట్ల కాలగణనను స్వీకరించెను. కాని గోడకు తగిలించిన పాత మీటరులోని ఫర్మ్‌వేరును ఎవరు మరల కూర్చెదరు? అమరికలు వ్రాసియున్నచో కూర్చవచ్చును. లేనిచో మంచి యంత్రమును పారవేయవలసియుండును.

కావున ఈ వృత్తిలోనున్న మన యువకులకు మనవి యేమనగా, మూలముతోపాటు ఈ సంగతులను భద్రపరుపుడు: పనిముట్ల పేరును కూర్పు సంఖ్యయును, లక్ష్యయంత్రపు సంయుక్తనామమును, చిప్పు తరమును, భిన్నాంకముల మర్యాద, లైబ్రరీయును, లినక్స్ హెడరు ఫైళ్ళ కూర్పును, ఎంపికలన్నియు గల అమరిక ఫైలు. వీలైనచో టూల్‌చైనునే ప్రతి తీసి దాచుట మేలు, ఏలయన నేడు దొరకు చిరునామా పదియేండ్ల పిమ్మట దొరకునను నమ్మకము లేదు.

1983లో మిలాను ప్రదర్శనయందు ఇంగ్లండునకు చెందిన బోనాస్ సంస్థ ఎలక్ట్రానిక్ జకార్డును చూపినది మొదలు మగ్గములోనికి గూడ గణనయంత్రము ప్రవేశించెను. అట్టల గొలుసు పోయి దాని స్థానమున ఫైలు వచ్చినది. మగ్గము లోపల ఫర్మ్‌వేరు వచ్చినది. అట్టలు చిరిగినచో చూచి మరల కొట్టుకొనవచ్చును. ఫర్మ్‌వేరు చెడినచో, అది ఏ అమరికలతో పుట్టినదో తెలియనిచో, నేతగాడు చేయగలిగిన దేమియు లేదు. ఊరు విడచి వచ్చిన కుటుంబములలో పూర్వుల గ్రామమును, బంధువుల పేర్లను వ్రాసియుంచినవారు నేటికిని తమ మూలమును చేరుకొనగలుగుచున్నారు. వ్రాయనివారికి ఇంటిపేరు మాత్రమే మిగిలినది. ఈ యంత్రముల విషయమునను న్యాయము వేరు కాదు.